కైలాసం వెనక గోడ

వెనక గది తలుపు పొద్దుటినుంచీ పడడం లేదు.

"వానకి చెక్క ఉబ్బింది శారదా. ఏటా ఉన్నదేగా," అన్నాడు త్రినాథరావు, అద్దం ముందు జుబ్బా గుండీలు పెట్టుకుంటూ.

శారదాదేవి ఆ తలుపునే చూస్తోంది. ఫిల్మ్ నగర్‌లో ఈ ఇంట్లో ముప్ఫయ్యారు వానాకాలాలు గడిపిన మనిషి ఆవిడ. ఉబ్బిన తలుపు సంగతి ఆవిడకి ఒకళ్ళు చెప్పాలా? ఉబ్బిన తలుపు అడుగున గీసుకుంటుంది. నాలుగు చుక్కలు కొబ్బరినూనె రాసి గట్టిగా లాగితే దారికొస్తుంది. ఇది అలా లేదు. పైన కుడి మూల పట్టేసింది. కింద ఎడమ పక్క వేలు దూరేంత సందు వచ్చింది. పెరిగింది తలుపు కాదు, ఒరిగింది గుమ్మం.

గుమ్మం ఒరిగిందంటే దాన్ని మోసే గోడ కదిలిందన్నమాట. 

కొండవాలు ఇల్లు కాబట్టి ఆ గదికి వెనకవైపు వేరే గోడ కట్టలేదు. పైనున్న మట్టి కిందికి జారకుండా ఎప్పుడో కట్టిన రాతిగోడనే ఆ గదికీ గోడగా వాడుకున్నారు. అది ఇంటితో ఆగదు. పెరడు దాటి, పక్కనున్న కాలనీ ఖాళీ స్థలం పొడుగునా రెండు నిలువుల ఎత్తున సాగుతుంది. ఆ స్థలంలోనే ఇప్పుడు వినాయకుడి మండపం వేశారు. మండపం వెనక ఆ గోడ కనబడకుండా, సినిమాలకి సెట్లు వేసిన త్రినాథరావు కైలాస పర్వతం సెట్టు వేశాడు. ఇవాళ ఐదో రోజు, ఆదివారం. నాలుగు గంటలకి ఆ కైలాసం ముందు పిల్లల నాటకం. అందులో పార్వతి వేషం వీళ్ళ మనవరాలు ప్రణతిది.

ప్రణతి తల్లి భావన షూటింగ్ పనిమీద విశాఖపట్నంలో ఉంది. తొమ్మిదేళ్ళ పిల్లని పదిరోజులకి అమ్మమ్మ చేతిలో పెట్టి వెళ్ళింది.

శారదాదేవి గొడుగు తీసుకుని పెరట్లోకి నడిచింది.

ఆ రాతిగోడకి మోకాలి ఎత్తులో, బారెడుకొకటి చొప్పున బొక్కలు ఉంటాయి. వానాకాలం వచ్చిందంటే వాటిలోంచి ఎర్రటి నీళ్ళు సన్నగా కారుతూనే ఉంటాయి. కాలనీ పిల్లలు ఆ నీళ్ళలో కాగితం పడవలు వదులుతారు. ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, అసోసియేషన్‌ని తిట్టుకుంటూ దాటుతారు. ఈ ఏడు ఐదు రోజులుగా వాన కురుస్తున్నా మండపం దగ్గర ఒక్క చుక్క కారలేదు. బురద లేకుండా పండగ జరగడం ఇదే మొదలని అందరూ మురిసిపోయారు. అంతా త్రినాథరావు గారి హస్తవాసి అన్నారు.

పెరట్లో రెండు బొక్కలున్నాయి. సెట్టు అక్కడిదాకా రాలేదు కాబట్టి అవి తెరిచే ఉన్నాయి. వాటిలోంచి నీళ్ళు కారడం లేదు, చిమ్ముతున్నాయి. ఎదురుగా ఉన్న తులసికోట దాకా వచ్చి పడుతున్నాయి.

ఆవిడ తండ్రి గోదావరి కాలువల మీద ఓవర్సీరుగా చేశాడు. చిన్నప్పుడు లాకుల దగ్గర గట్టుగోడ చూపించి ఆయన ఒకటే మాట అనేవాడు. గోడ ఏడుస్తుంటే భయపడకమ్మా, ఏడుపు ఆపేస్తే అప్పుడు భయపడు. గోడ వెనక మట్టి నీళ్ళు తాగుతుంది. తాగింది పోయే దారి లేకపోతే అదంతా గోడని తోస్తుంది. ఏ గోడైనా ఎంతకని ఓర్చుకుంటుంది?

అప్పుడే రంగు డబ్బాతో జంగయ్య పెరటి గేటు తీసుకుని వచ్చాడు. త్రినాథరావు దగ్గర ముప్ఫయ్యేళ్ళుగా ప్లాస్టర్ పని చేసిన మేస్త్రీ. సినిమా సెట్లలో రాజమహళ్ళ స్తంభాలూ సింహద్వారాలూ పోతపోసింది ఈ చేతులే. అతన్ని ఆవిడ ఒకటే అడిగింది. మండపం వెనక ఉన్న బొక్కలు ఏమయ్యాయి?

జంగయ్య డబ్బా కింద పెట్టాడు. తలెత్తలేదు.

"మూసేసినమమ్మా. సార్ చెప్పిండు. ఎర్రనీళ్ళు కారి తెల్లరంగు మీద మరకలు పడుతున్నయి, కైలాసం ఖరాబ్ అయితుంది అన్నడు. ఇరవైరెండు బొక్కలల్ల గోనెగుడ్డలు కుక్కి, సిమెంట్ గొట్టిన."

ఆవిడ గుండెల్లో రాయి పడింది.  వెంటనే వెళ్ళి తీసెయ్యమని చెప్పింది.

"ఇప్పుడు తియ్యొద్దమ్మా," అన్నాడు జంగయ్య, చుట్టూ చూసి గొంతు తగ్గించి. "నాకు గూడ నిన్నటిసంది ఫికర్ పట్టుకుంది. గోడ ఎనక నీళ్ళు నిండుగున్నయి. గిప్పుడు గునపం పెడితే ఆ దెబ్బకు రాళ్ళే ఊడి మీదికొస్తయి. వాన ఆగాలె, పైన మట్టి కొంచెం తవ్వి బరువు తియ్యాలె, ఆ తర్వాత మెల్లగ ఒక్కొక్కటి తెరవాలె. అప్పటిదాకా మనిషన్నోడు గోడ దగ్గరికి పోవద్దు."

తను చెప్పినట్టు సార్‌కి తెలియనియ్యొద్దని బతిమాలుకుని వెళ్ళిపోయాడు. ఆయన ఎదుట మాట్లాడి ఎరగడు పాపం.

శారదాదేవి లోపలికి వచ్చేసరికి త్రినాథరావు సెంటు రాసుకుంటున్నాడు. ఆరేళ్ళుగా ఆయనకి సినిమా లేదు. పెద్ద పెద్ద సెట్లు కంప్యూటర్లో వేసేస్తున్నారు, మనిషి చేత్తో వేసే సెట్లు ఎవరికి కావాలి? అలాంటిది ఇవాళ ముఖ్య అతిథిగా రవిచంద్ర వస్తున్నాడు. ఒకప్పుడు ఈయన దగ్గర స్కేలు పట్టుకుని నిలబడ్డ కుర్రాడు, ఇప్పుడు జూబ్లీహిల్స్‌లో పెద్ద ఆఫీసు పెట్టిన దర్శకుడు. కైలాసం చూడడానికే వస్తున్నానన్నాడట. ఆ ఒక్క ఫోను వచ్చిన దగ్గరనుంచీ ఈయన పదేళ్ళు చిన్నవాడైపోయాడు. ఇస్త్రీ మడత నలగకుండా కూర్చుంటున్నాడు, రాత్రి బీపీ మాత్ర అడక్కుండానే వేసుకుంటున్నాడు. ఆ ముచ్చట చూసి వారం రోజులుగా ఆవిడా సంతోషించింది. 

"గోడ బొక్కలు మూయించారా?"

"ఎవరు చెప్పారు?"

"ఎవరు చెబితే ఏం. మూయించారా లేదా?"

"రెండు వారాలకి మూయించాను. నిమజ్జనం కాగానే తీయించేస్తాను. దానికింత..."

"వెనక గుమ్మం ఒరిగింది. వచ్చి చూడండి."

"వానకి..."

"వాన మీద పెట్టకండి." ఆవిడ గొంతు పెరిగింది. "ఇవాళ నాటకం ఆపించండి. సూర్యప్రకాశరావు గారికి మీరే చెప్పండి. మీ నోటితో చెబితే మర్యాదగా ఉంటుంది."

సూర్యప్రకాశరావు కాలనీ అసోసియేషన్ అధ్యక్షుడు, ఒకప్పటి నిర్మాత. ఇవాళ్టి పండగంతా తన భుజాల మీదే నడుస్తోందని ఆయన నమ్మకం. ఆయన పేరు వినగానే త్రినాథరావు మొహం మాడిపోయింది.

"ఏమని చెప్పను? నేను వేసిన సెట్టు వల్ల మీ పిల్లలు చస్తారు, ఇళ్ళకి పొండి అని చెప్పనా? రవిచంద్ర ముందా? శారదా, ఆరేళ్ళ తర్వాత జనం నా వంక మనిషిని చూసినట్టు చూస్తున్నారు. ఒక్క సాయంత్రం. ఒక్క సాయంత్రం ఆగలేవా?"

"గోడ ఆగాలిగా."

"నలభై ఏళ్ళు సెట్లు వేశాను. ఒక్కటి కూలలేదు."

"మీ సెట్లు పైన పటారం లోన లొటారం. షూటింగ్ అయ్యేదాకా నిలబడితే చాలు వాటికి. దీని వెనక ఉన్నది కొండ."

"ఒక్కటి కూలలేదన్నాను."

శారదాదేవి ఆయన కళ్ళలోకి చూసింది. ఇరవైరెండేళ్ళుగా ఈ ఇంట్లో ఎవరూ ఎత్తని పేరొకటి ఉంది. అది తన నోట వస్తుందని ఆవిడా అనుకోలేదు.

"చంటి కాలు సంగతేంటి మరి?"

 పెరట్లో నీళ్ళు చిమ్ముతున్న చప్పుడొక్కటే వినిపిస్తోంది.

చంటి లైట్‌మన్. అవుట్‌డోర్‌లో కోటబురుజు సెట్టు విరిగి అతని కాలు మీద పడింది. వాన వల్ల పడిందని అందరూ అన్నారు, ఈయన కూడా అన్నాడు. నెలరోజులు ఆసుపత్రికి కారియర్ మోసుకెళ్ళిన శారదాదేవికి మాత్రం చంటి తల్లి ఒక మాట చెప్పింది. మేకులు తగ్గించమన్నది ఎవరో మా అబ్బాయి విన్నాడమ్మా అంది. ఆ ముక్క ఆవిడ ఇంటికి వచ్చి భర్తని అడగలేదు, ఆయనా చెప్పలేదు. అడగకపోవడాన్నే సంసారం అనుకుని ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది.

త్రినాథరావు సెంటుసీసా మూత పెట్టబోయాడు. రెండుసార్లు ప్రయత్నించినా సరిగ్గా పడలేదు. చెప్పులు వేసుకుని, గొడుగు కూడా తీసుకోకుండా వీధిలోకి వెళ్ళిపోయాడు.

ఆవిడ వాకిట్లోకి పరిగెత్తి పిలిచింది. ఆయన వెనక్కి తిరగలేదు. గునపం పెట్టొద్దని జంగయ్య అన్న మాట ఆయనకి చెప్పలేదని అప్పటికింకా ఆవిడకి తట్టనే లేదు.

*

మూడున్నరకి వాన కాస్త తెరిపిచ్చింది. మండపం కళకళలాడిపోతోంది.

ఏడాది పొడుగునా కార్ల నల్లద్దాల వెనక తప్ప కనబడని జనం ఈ పదిరోజులే ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటారు. మధ్యాహ్నం పంక్తి భోజనాల పులిహోర వాసన ఇంకా పోలేదు. డ్రైవర్లూ, యజమానులూ ఒకే వరసలో కూర్చుని ఆకుల్లో తిన్నారు. ఎదురింటి సరోజమ్మ ప్రతి ఆదివారం చర్చి నుంచి ఇంటికే వెళుతుంది, చవితి పండగలో వచ్చే ఆదివారం మాత్రం నేరుగా మండపానికే వస్తుంది. హౌసీ ఆడించేది ఆవిడే. ఆవిడ అంకెలు పిలిస్తేనే గాని ఆట రక్తికట్టదని ఆడవాళ్ళంతా అంటారు.

వీటన్నిటి వెనక కైలాసం. తెల్లటి శిఖరాలు, నీలం నీడలు, రెండో శిఖరం దగ్గర జటాజూటంతో శివుడి బొమ్మ, మధ్యలో గుహ, గుహలో వినాయకుడు. ఎంత బాగుందో! పాడు కళ్ళు, ఇప్పుడు కూడా శారదాదేవికి బాగానే కనిపించింది. అది చూసి ఆవిడకి ఏడుపొచ్చింది.

దగ్గరికి వెళ్ళి చూస్తే రెండో శిఖరం మీద వెంట్రుకవాసి బీట. పొద్దున లేదు.

జనంలో ఎక్కడా భర్త కనబడకపోయేసరికి సూర్యప్రకాశరావు దగ్గరికి వెళ్ళింది. ఆయన రవిచంద్రని ముందు వరస కుర్చీలో కూర్చోబెట్టే హడావుడిలో ఉన్నాడు. గోడ సంగతి ఎత్తగానే, మీవారి చేతిలో ఉన్న గోడకి దిగులేంటమ్మా అని నవ్వేసి, శాలువా ఎక్కడ పెట్టారో కనుక్కోమని ఆవిడకే పురమాయించాడు. ఇంత జనంలో గట్టిగా అనడానికి ఆవిడ నోరు పెగల్లేదు. ఆ నోరు మీద ఆవిడకే అసహ్యం వేసింది. నలభై ఏళ్ళ అలవాటు, మొగుడి పరువు అనేసరికి నాలుక మడతపడిపోతుంది.

సరోజమ్మని మాత్రం పక్కకి పిలిచి ఉన్నదున్నట్టు చెప్పింది.

సరోజమ్మ ఎందుకూ ఏమిటీ అనలేదు. ఒక్క క్షణం గోడవైపు చూసి, అంకెల డబ్బా చంకన పెట్టుకుంది.

"హౌసీ మా పోర్టికోలో పెడతాను. వేడివేడి మిరపకాయ బజ్జీలున్నాయంటాను. సగంమంది వచ్చేస్తారు శారద గారూ. మిగతా సగం సంగతి మీరు చూడాలి. మీవారి పేరు కాపాడతారో, వీళ్ళ ప్రాణాలు కాపాడతారో మీ ఇష్టం. రెండూ అవుతాయని మాత్రం అనుకోకండి."

అన్నట్టే సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. నూనె ఇంకా పొయ్యి మీదే పెట్టకపోయినా బజ్జీల పేరు చెప్పి వందమందిని రోడ్డు దాటించింది సరోజమ్మ. తెరిపిచ్చిన వాన మళ్ళీ అందుకుంది. రేకుల మీద చినుకు చప్పుడు పెరిగే కొద్దీ శారదాదేవి ప్రాణం అరచేతిలోకి వచ్చేస్తోంది. ముందు వరసలు మాత్రం కదల్లేదు. దర్శకుడు కూర్చున్న చోటు వదిలి సినిమా మనిషి లేస్తాడా?

స్టేజీ మీద భూతగణాల వేషాల్లో ఆరుగురు పిల్లలు గెంతుతున్నారు. పార్వతి రావాల్సిన వంతు ఇంకా రాలేదు. పార్వతి ఎక్కడుంటుంది? శిఖరాలు పైన గోడకి ఆనుకునే ఉన్నా, కింద సెట్టుకీ రాతిగోడకీ మధ్య రెండడుగుల సందు వదిలారు, పిల్లలు అందులోంచి గుహలోకి రావడానికి. వేషం వేసుకోవడానికి మిగతా పిల్లలతో మధ్యాహ్నమే వెళ్ళిన ప్రణతి ఇప్పుడు ఆ సందులో ఉంది.

ఆవిడ మండపం పక్కనుంచి పరిగెత్తింది. మోకాళ్ళ నొప్పులు గుర్తు రాలేదు. సెట్టు వెనకనుంచి ఠంగు, ఠంగు మని దెబ్బలు వినబడుతున్నాయి. వడ్రంగులు ఆఖరి మేకులు కొడుతున్నారనుకుని జనం పట్టించుకోలేదు. ఆవిడా మొదట అలాగే అనుకుంది.

సందు మొదట్లో పట్టుపరికిణీ, అట్టకిరీటం, మోచేతుల దాకా గాజులు. ప్రణతి అక్కడే నిలబడి ఉంది. పిల్ల కాళ్ళు ఎర్రనీళ్ళలో తడిసి ఉన్నాయి. పక్కన ఒక జత చెప్పులున్నాయి. అవి ఎవరివో ఆవిడ చూడగానే గుర్తుపట్టింది.

"తాతయ్య లోపలున్నాడు అమ్మమ్మా. గునపంతో గోడ పొడుస్తున్నాడు. నన్ను బయటికి పొమ్మన్నాడు. నాటకం అయ్యేలోపల అన్నీ తెరిచేస్తాను, మీ అమ్మమ్మకి చెప్పొద్దన్నాడు."

 ఇప్పుడు గునపం పెడితే రాళ్ళే మీదికొస్తాయన్న జంగయ్య మాట శారదాదేవి చెవుల్లో గింగిరాలు తిరిగింది. ఆయనకి తాను చెప్పాల్సింది ఆ మాట. చెప్పింది మాత్రం చంటి పేరు. ఆ పేరే ఆయన్ని ఈ సందులోకి తోసింది.

"ఏమండీ, వచ్చెయ్యండి. దాన్ని ముట్టుకోవద్దట. వచ్చెయ్యండి," అని చీకటి సందులోకి అరిచింది. వాన చప్పుడులో ఆ అరుపు ఆవిడకే సరిగ్గా వినబడలేదు. ఠంగు, ఠంగు. దెబ్బలు ఆగలేదు.

పిల్లని లాక్కుని ఎదురుగా వస్తున్న జంగయ్య చేతుల్లో పెట్టింది. చెవి పెట్టి ఆ దెబ్బలు విన్న జంగయ్య మొహం పాలిపోయింది.

సరిగ్గా అప్పుడే రెండో శిఖరం బద్దలైంది. శివుడి జటాజూటం పక్కనుంచి ఎర్రటి నీళ్ళు ధారగా ఎగజిమ్మి స్టేజీ మీద పడ్డాయి. వేషాల పిల్లలు కేరింతలు కొట్టారు.

ముందు వరసలో రవిచంద్ర లేచి నిలబడ్డాడు. చప్పట్లు మొదలుపెట్టాడు. గంగావతరణం, గంగావతరణం అంటూ సూర్యప్రకాశరావు అందుకున్నాడు. త్రినాథరావు మనకి చెప్పకుండా దాచిన ఎఫెక్టు ఇదన్నమాట అని పక్కవాళ్ళకి చెబుతున్నాడు. చప్పట్లు మండపమంతా పాకాయి. ఫోన్లన్నీ పైకి లేచాయి. ఇళ్ళల్లో నీళ్ళగొట్టం పగిలితే పరుగెత్తే మనుషులే వీళ్ళంతా. కానీ రంగువేసిన కొండలోంచి నీళ్ళొస్తే చప్పట్లు కొట్టడం వీళ్ళకి పుట్టుకతో వచ్చిన అలవాటు.

శారదాదేవి స్టేజీ ఎక్కింది. మైకు లాక్కుంది. జీవితంలో మొదటిసారి పట్టుకున్న మైకు అది.

"లేవండి. ఇది సెట్టు కాదు. మావారు గోడకి నీళ్ళుపోయే బొక్కలు మూయించారు, ఆయన తప్పే. గోడ పడిపోతోంది. పిల్లల్ని తీసుకుని రోడ్డు మీదికి పొండి."

ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. వెనక వరసలో ఒకాయన, డైలాగు భలే చెప్పింది అన్నాడు. ఎవరో మళ్ళీ చప్పట్లు కొట్టారు.

రోడ్డవతల పోర్టికోలోంచి సరోజమ్మ తడుస్తూ పరిగెత్తుకొచ్చింది. వచ్చీరాగానే స్టేజీ మీది పిల్లలిద్దర్ని చెరో చంకనా ఎత్తుకుంది. అది చూశాకే జనానికి అర్థమైంది. కుర్చీలు ఒకదానిమీదొకటి పడ్డాయి. తల్లులు పేర్లు పెట్టి పిలుస్తున్నారు. రవిచంద్ర ఇంకో పిల్లాణ్ణి భుజాన వేసుకుని పరుగెత్తాడు. పిల్లలంతా దిగిపోయారు. జనం రోడ్డు మీదికి చేరుతున్నారు.

శారదాదేవి మాత్రం మైకు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. కాళ్ళ కింద ఎర్రనీళ్ళు పారుతున్నాయి. ఆవిడ వినడానికి ప్రయత్నిస్తోంది. వాన చప్పుడుంది. నీళ్ళ చప్పుడుంది. ప్రణతిని రోడ్డు మీద వదిలి వచ్చి సందు దగ్గర జంగయ్య, సార్, సార్ అని పిలుస్తున్న కేక ఉంది.

ఇంతసేపూ వినబడిన గునపం దెబ్బలు మాత్రం ఆగిపోయాయి.